మొగలిదిబ్బలో తోడుకాలం

మృగశిర కార్తె

నేను పడవే కావాలన్నాను. తోడు కార్యాలయం వాళ్ళు మారుమాట్లాడకుండా పడవే మాట్లాడిపెట్టారు. గాల్లో ఎగిరే తూనీగలో అయితే రాజమండ్రి గట్టు నుంచి మొగలిదిబ్బకి కాఫీ తాగేంత సేపట్లో దిగిపోవచ్చు. పడవకి పొద్దంతా పట్టింది. దారి పొడుగునా నీళ్ళలోంచి పొడుచుకొచ్చిన కొబ్బరి మొండేలు, పాత సెల్ టవర్లు, ఒకచోట ఏదో బడి పైకప్పు మీద ఆరేసిన వలలు. సముద్రం కోనసీమలోకి వచ్చేసిన తర్వాత పుట్టినదాన్ని నేను. నాకు ఇదంతా మామూలే. కానీ ఆ మొండేల మధ్యనుంచి పడవ పోతున్నంతసేపూ తల దించుకునే కూర్చున్నాను.

మా తూనీగ పడింది వాటిమీదే.

రేవులో ఒకావిడ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చేతిలో ఖాళీ పీతల బుట్ట.

"నువ్వేనా డాక్టరమ్మవి?"

"నేనేనండి. సౌగంధి."

"నేను వీరవేణిని. తాయారు వాళ్ళమ్మని." నా పెట్టె లాక్కుని బుట్టలో పెట్టి నెత్తికెత్తుకుంది. "మా అల్లుడికి నువ్వు రావడం ఇష్టం లేదు. ముందే చెప్పేస్తున్నాను. ఒప్పుకున్నది నేను."

నడుస్తూ ఇంకో మాట చెప్పింది. "ఆ రోజు సంగతి నీ అంతట నువ్వు ఎత్తకు. నేనడిగిన రోజు చెబుదువుగాని. అడక్కపోతే అలాగే ఉండిపోనీ."

ఇలా రాయమన్నది తోడు కార్యాలయం వాళ్ళే. కార్తెకి ఒకసారైనా ఏదో ఒకటి రాయాలట. ఎవరూ చదవరట. తూనీగలు పడ్డప్పుడల్లా బతికి మిగిలినవాళ్ళని ఒక పక్కకీ, పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఒక పక్కకీ పంపేసేవారు మా ముందు తరంలో. ఇద్దరూ విడివిడిగా ఎండిపోయారు. కొందరు నీళ్ళలోకి నడిచారు. అందుకని ఇప్పుడు అడుగుతారు, ఒక వానాకాలం ఒకే ఇంట్లో ఉంటారా అని. బలవంతం లేదు. రెండువైపులా సరేననాలి. మా తూనీగలో బతికిన ముగ్గురిలో మిగతా ఇద్దరూ సరేననలేదు. నేను అన్నాను. ఎందుకన్నానో సరిగ్గా చెప్పలేను. నా ఇంట్లో నేను ఉండలేకపోయాను, అంతే.

ఆరుద్ర కార్తె

ఇల్లు డ్రమ్ముల మీద తేలుతుంది. పోటు వచ్చినప్పుడు తాళ్ళు వదలాలి, పాటుకి బిగించాలి. వీరవేణిగారు ఆ పని నాకు అప్పగించింది. సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసే యంత్రం కడగడం, పీతల దొడ్డిలో చేపముక్కలు వెయ్యడం కూడా. పిన్నిగారూ అని పిలుస్తున్నాను. ఆవిడ వద్దనలేదు.

అల్లుడి పేరు సూరిబాబు. ముప్పై దాటి ఉండవు. పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంట్లోనే ఉన్నాడు. తాయారు ఉప్పునీళ్ళలో పండే ఉప్పువరి విత్తనాల కేంద్రంలో పనిచేసేది, ఇతను దిబ్బ చుట్టూ ఉన్న మట్టికట్టల మీద పనిచేస్తాడు. నేను కంచం ముందు నుంచి లేచాక వచ్చి కూర్చుంటాడు. నేను వరండాలోకి వస్తే పడవలోకి దిగిపోతాడు. తిట్టడు, చూడడు. నాకు తిడితేనే బాగుండుననిపిస్తుంది.

పొద్దునా సాయంత్రం తూనీగ వచ్చిపోతుంది. దాని చప్పుడు ముందు డ్రమ్ముల్లో తెలుస్తుంది, తర్వాత చెవికి. అప్పుడు పిన్నిగారు లోపలికి పోయి కుళాయి పూర్తిగా తిప్పేస్తుంది, నీళ్ళ మోతలో అది వినబడకుండా. ఈ ఇంట్లో మంచినీళ్ళు అలా పారబోసే వేళ ఇంకొకటి లేదు. సూరిబాబు బయటికొచ్చి అది చుక్కయ్యేదాకా తలెత్తి చూస్తాడు. నేను స్తంభం పట్టుకుంటాను. అది పోయాక ముగ్గురం ఎవరి పనిలో వాళ్ళం పడతాం, ఏమీ జరగనట్టు.

పునర్వసు కార్తె

ఈవేళ పక్కింటి గంగాచలంగారు చెంప వాచిపోయి వచ్చారు. పెద్దాయన. పళ్ళ డాక్టరు దిబ్బమీదే ఉందని విని గంపెడాశతో వచ్చారు. నా పెట్టె తెరిచాను. ఆయన్ని వెలుగులో కూర్చోబెట్టాను. అద్దం, చిన్న లైటు తీశాను.

ఆయన నోరు తెరిచారు.

నా చెయ్యి ఆగలేదు. అద్దం ఆయన పంటికి తగిలి టకటకా కొట్టుకుంది. ఆయన కంగారుపడి నా మణికట్టు పట్టుకున్నారు. "ఫర్వాలేదులేమ్మా, ఇంకో రోజు చూద్దువుగాని" అని చెంప పట్టుకుని వెళ్ళిపోయారు. మాత్రలు ఇచ్చాను. అంతకంటే ఏం చేయలేకపోయాను.

ఎందుకో ఇక్కడ రాస్తాను. ఇంట్లో చెప్పడానికి లేదు కదా.

మాఘమాసంలో దిబ్బల మీద వైద్యం ముగించుకుని తూనీగలో గట్టుకి వెళ్తున్నాను. ఎండ కాస్తోంది, గాలి లేదు. పక్క సీట్లో మంగతాయారు, పిన్నిగారి తాయారు. అప్పటికి పేరు తెలీదు. నా ఒళ్ళో పెట్టె చూసి, కాసేపు తటపటాయించి, "ఏమనుకోకండి, వెనకాల జ్ఞానదంతం ఒకటి చంపేస్తోందండి" అంది. సిగ్గుపడుతూ నవ్వింది. దానికేముంది, చూపించమన్నాను. లైటు కళ్ళల్లో పడుతోందని కళ్ళు మూసుకుని నోరు పెద్దగా తెరిచింది. నేను వంగి చూస్తున్నాను. పన్ను అడ్డంగా మొలిచింది. ఇంతలో కుదుపు వచ్చింది. ఆమె కదిలిందనుకున్నాను.

"కదలకండి" అన్నాను.

తర్వాత నాకు నీళ్ళే గుర్తు. ఆమె భయపడిందో లేదో నాకు తెలీదు. కళ్ళు తెరిచిందో లేదో తెలీదు. ఆమెతో ఈ లోకంలో ఎవరైనా అన్న ఆఖరిమాట అదే, ఒక పరాయి మనిషి విసుగ్గా అన్న మాట.

ఆశ్లేష కార్తె

దిబ్బ సభ జరిగింది. తూనీగల్ని ఇక రానివ్వాలా వద్దా అని. సూరిబాబు అవి వద్దని చాలారోజులుగా ఇంటింటికీ తిరుగుతున్నాడని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. జనం చేపల షెడ్డు నిండా ఉన్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు. నాతో అతను మాట్లాడడం అదే మొదటిసారి.

"డాక్టరుగారూ, మీరు చెప్పండి. మళ్ళీ ఎక్కుతారా?"

అందరూ నన్నే చూస్తున్నారు. అబద్ధం చెప్పలేకపోయాను.

"ఎక్కను."

"విన్నారుగా" అన్నాడు సభతో.

వెనక నుంచి దిబ్బ నర్సు మేరీకుమారి లేచింది. "ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఎలాగండి? నా దగ్గర ఉన్నవి నాలుగు మందులు."

"పడవుంది కదా."

"తుఫానులో పడవేంటి సూరిబాబూ?"

"తాయారు పోయిన రోజు తుఫాను లేదండి" అన్నాడు. "ఎండ కాసింది."

చేతులెత్తమంటే ఎక్కువ చేతులు అతని వైపే లేచాయి. ఆ సాయంత్రమే తూనీగ దిగే గద్దె మీదికెక్కి దీపాలు తనే విప్పాడు. వానలో, మబ్బులో తూనీగకి దారి చూపించేవి అవే. అవి లేకపోతే దిగదు. గోనెసంచిలో వేసుకొచ్చి తన మంచం కింద తోసేశాడు.

మర్నాటి నుంచి చప్పుడు లేదు. పిన్నిగారు ఆ వేళకి అలవాటుగా లేచి కుళాయి దాకా వెళ్ళి, తిప్పకుండా వెనక్కొచ్చింది.

నేను నిజమే చెప్పాను. కానీ నా భయం నాది. దాన్ని తీసుకెళ్ళి ఇంతమంది బతుకుల మీద పెట్టారు. గంగాచలంగారి చెంప ఇంకా తగ్గలేదు. ఆ పెద్దాయన గట్టుకి వెళ్ళాలంటే ఇప్పుడు పొద్దంతా పడవలో కూర్చోవాలి.

మఖ కార్తె

పీతల దొడ్డికి వల కుడుతున్నాం. నేను ఒక అంచు పట్టుకుంటే ఆవిడ సూది తిప్పుతోంది. వాన ఆగి ఎండ పొడొచ్చింది. సూది ఆపకుండానే అడిగింది.

"ఏం చేస్తోంది అది? అప్పుడు?"

చెప్పాను. పన్ను సంగతి, నవ్వడం, కళ్ళు మూసుకోవడం, నేనన్న మాట. ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు. చెబుతున్నంతసేపూ ఆవిడ కుడుతూనే ఉంది. నేను ఆపేశాక కూడా కుట్టింది. దారం అయిపోయాక ఆగింది.

"పన్ను నొప్పా?"

"అవునండి."

"ఎప్పట్నించి?"

"వారం పైనే అన్నట్టు గుర్తు."

ఆవిడ మొహం ఎర్రబడింది. ఏడుస్తుందనుకున్నాను. కోపం అది.

"నాకు చెప్పలేదే! రోజూ నా ఎదురుగానే కూర్చుని తిందిగా. లవంగం నూరి పెట్టేదాన్ని. ఉప్పునీళ్ళు కాచి ఇచ్చేదాన్ని. దారిన పోయే నీకు చెప్పింది గాని నాకు చెప్పలేదా?" వల విసిరికొట్టింది. "అమ్మకి చెప్పకూడని రోగమా అది?"

కూతురు చనిపోయిన సంగతి పక్కకి పోయింది. పన్ను నొప్పి చెప్పలేదన్నదే ఆవిడకి పట్టుకుంది. కాసేపటికి ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. చూరు కింద సూరిబాబు నిలబడి ఉన్నాడు, తడిసిన మట్టిచేతులతో. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. నన్ను చూశాడు. ఏదో అడగబోయి, చేతులు నీళ్ళలో కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఉత్తర కార్తె

వల విసిరికొట్టిన రోజు నుంచి మాట మానేసిన పిన్నిగారు మళ్ళీ మాట్లాడుతోంది. మాట్లాడకపోవడమే నయమేమో.

జ్వరముందా అని అడుగుతుంది. తిన్నానా లేదా చూస్తుంది. నాకు ఒళ్ళు వెచ్చగా లేదన్నా నమ్మదు, వీపు మీద చెయ్యి పెట్టి చూస్తుంది. "ఎక్కడ నొప్పున్నా చెప్పు, దాచకు" అంటుంది రోజుకి పదిసార్లు. నిన్న చలిగా ఉందంటే తాయారు స్వెట్టరు తెచ్చి తనే తొడిగింది. వద్దనే ధైర్యం నాకు లేకపోయింది. నిజం చెప్పాలంటే వెచ్చగా కూడా ఉంది.

సూరిబాబు గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు.

"తియ్యండి అది."

"నేనే ఇచ్చాన్రా" అంది ఆవిడ.

"తియ్యమంటున్నా!"

విప్పాను. అతను దాన్ని తీసుకోలేదు, అలా చూస్తూ ఉన్నాడు. పిన్నిగారు నా చేతిలోంచి లాక్కుని, "దానికి చలేస్తోందిరా, తాయారుకి..." అంది.

ఆవిడ నోరు నొక్కుకుని వంటింట్లోకి పోయింది.

వెళ్ళిపోతానని కార్యాలయానికి కబురు పెడదామనుకున్నాను. రేవుదాకా నడిచాను. పడవలు కట్టేసి ఉన్నాయి, సముద్రం బాగాలేదని. తిరిగి వచ్చేసరికి నా కంచంలో అన్నం పెట్టి మూత వేసి ఉంది. పెట్టింది ఆవిడేనా అని అడగలేదు.

చిత్త కార్తె

ఇది గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి.

తుఫాను రెండు రోజుల ముందే చెప్పారు. మధ్యాహ్నానికే ఆకాశం మసిగుడ్డలా అయిపోయింది. నీళ్ళు పెరిగేసరికి పాములన్నీ తేలే ఇళ్ళ మీదికి ఎక్కుతాయి. దిబ్బలో అందరికీ తెలిసిందే. అందరం కర్ర తట్టుకుంటూ నడుస్తాం. పిన్నిగారు పీతల బుట్టలు లోపలికి జరుపుతోంది. ఒక బుట్ట ఎత్తింది. దాని కింద తాచు.

ముంజేతి మీద కాటేసింది. "కరిచిందే" అంది పిన్నిగారు మామూలుగా, చీమ కుట్టినట్టు.

మేరీకుమారి ఆ గాలిలో ఎలా వచ్చిందో తెలీదు. ఉన్న విషం మందంతా ఎక్కించాం. అయినా కాసేపటికి పిన్నిగారి కనురెప్పలు వాలిపోయాయి. మాట ముద్దగా వచ్చింది. మేరీకుమారి నన్ను పక్కకి పిలిచింది.

"ఊపిరి పోతుందండి ఇంకాసేపట్లో. గట్టు మీద మిషను పెడితేనే."

సూరిబాబు విన్నాడు. పడవల వైపు చూశాడు. రేవులో అలలు ఇంటి చూరంత ఎత్తు లేస్తున్నాయి. ఒక పడవ అప్పటికే తిరగబడి ఉంది. అతని మొహంలోకి నేను చూడలేకపోయాను. వంగి, మంచం కింద నుంచి గోనెసంచి లాగాడు.

గట్టుకి పిలుపు పంపింది మేరీకుమారి. ఆసుపత్రి తూనీగ వస్తానంది. మనిషి నడిపేది కాదు కదా, భయమెక్కడిది. పిన్నిగారిని మంచంతో సహా గద్దె దగ్గరికి మోశాం. గంగాచలంగారి ఇంట్లోవాళ్ళు, ఇంకా చేతులెత్తినవాళ్ళు కూడా వచ్చి పట్టుకున్నారు. పైన మబ్బులో చప్పుడు. దాని గొంతు మేరీకుమారి చేతిలోని పెట్టెలోంచి నెమ్మదిగా వచ్చింది: "దీపాలు కనిపించడం లేదు. దిగడం కుదరదు."

సూరిబాబు స్తంభం మీద ఉన్నాడు. గాలికి చొక్కా చిరిగి జెండాలా కొట్టుకుంటోంది. ఒక దీపం బిగించాడు. రెండోది చేజారి నీళ్ళలో పడింది. కింద నుంచి ఎవరో మూడోది అందించారు. "తిప్పి చూడు! తిప్పి చూడు!" అని అరుస్తున్నాం. వెలిగింది.

తూనీగ దిగుతుంటే పిన్నిగారు కళ్ళు తెరవలేకపోయినా ఆ చప్పుడు గుర్తుపట్టింది. మంచం పట్టె పట్టుకుంది.

"నేనెక్కను. నన్నందులో ఎక్కించకండి. సూరీ, నీకు దణ్ణం పెడతాను."

అతను ఒక్క క్షణం ఆగాడు. నా వైపు చూశాడు. నాకూ తెలీదు ఏం చెయ్యాలో. ఆవిడ స్పృహలో ఉంది, వద్దంటోంది. వద్దన్న మనిషిని...

"తిట్టుకో అత్తా" అని, ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఎత్తుకున్నాడు.

మేరీకుమారికి దిబ్బమీద చూసుకోవలసిన రోగులు ఇంకా ఇద్దరు ఉన్నారు, రాలేదు. ఊపిరిసంచి నా చేతిలో పెట్టింది. "మీరు డాక్టరు కదండి" అంది. నేను మెట్టు మీద కాలు పెట్టడం నాకు గుర్తు లేదు. తలుపు మూసుకోవడం గుర్తుంది.

పైకి లేచిన కాసేపటికే ఆవిడ ఛాతీ కదలడం మానేసింది. పెదవులు నల్లబడుతున్నాయి. దవడ పట్టి నోరు తెరవాలి, లాలాజలం తుడవాలి, సంచి బిగించాలి. సూరిబాబు లైటు పట్టుకున్నాడు. ఆవిడ నోరు తెరిచాను. కళ్ళు మూసి ఉన్నాయి. నోరు తెరిచి ఉంది. లైటు పడుతోంది. తూనీగ కుదిపింది.

ఆ మాట నా నాలుక మీదికి వచ్చేసింది. మింగేశాను.

"నేనున్నాను పిన్నిగారూ" అన్నాను. "నేనిక్కడే ఉన్నాను."

చేతులు వణుకుతూనే ఉన్నాయి. వణుకుతూనే తుడిచాను. వణుకుతూనే సంచి బిగించి నొక్కాను. ఛాతీ లేచింది. మళ్ళీ నొక్కాను.

సూరిబాబు ఒక చేత్తో లైటు పట్టుకుని రెండో చేత్తో నా భుజం గట్టిగా పట్టుకున్నాడు, నేను దొర్లిపోకుండా.

"ఇలాగే ఊగిందా? ఆ రోజు?"

"లేదు. ఇంత ఊగలేదు."

"మరి ఇది పడదా?"

"తెలీదు సూరిబాబుగారూ."

అతను తలూపాడు. తెలీదన్నందుకు నన్ను నమ్మాడనుకుంటాను. ఆ తర్వాత గట్టు దీపాలు కనిపించేదాకా నేను నొక్కుతూనే ఉన్నాను.

చిత్త కార్తె, తుఫాను వెళ్ళాక

పిన్నిగారి మిషను తీసేశారు. బతుకుతుందన్నారు. చెయ్యి మాత్రం మోచేతి దాకా కుళ్ళింది, చర్మం అతికించాలట.

మాట రాగానే ఆవిడ అడిగింది, "ఎవరెక్కించమన్నారు?"

మేమిద్దరం మంచానికి చెరోపక్క నిలబడి ఉన్నాం.

"దణ్ణం పెడతానన్నాను కదరా. నా బిడ్డ పోయినదాంట్లో నన్ను కట్టి పడేస్తారా?" అటు తిరిగి గోడవైపు పడుకుంది. ఆ రోజంతా తిరగలేదు. మర్నాడూ అంతే. నర్సు చేత్తో గంజి తాగింది, నేనిస్తే మూతి బిగించింది. సూరిబాబు మంచం కాళ్ళ దగ్గర నేలమీద కూర్చునే ఉన్నాడు. దిబ్బ నుంచి అతన్ని అడుగుతున్నారు, దీపాలు ఉంచాలా విప్పాలా అని.

ఈ పొద్దున వరండాలో గోల. తుఫాను రోజునే, మేం బయలుదేరిన వేళకే ఇసకదిబ్బ అనే ఊరి నుంచి ఇంకో ఆసుపత్రి తూనీగ లేచిందట. అది గట్టుకి రాలేదు. ఇన్నాళ్ళూ వెతికి, మడచెట్లలో చిక్కుకున్న ఒకాయన్ని తీసుకొచ్చారు. పేరు కోటిలింగంగారు. యాభై దాటిన మనిషి. గుండెనొప్పి వచ్చిన భార్యని తీసుకొస్తున్నాడు. ఆవిడ దొరకలేదు.

అదే గాలి. అదే వేళ. మేం దిగాం, వాళ్ళు పడ్డారు. ఎందుకో చెప్పగలిగినవాడు ఎవడూ లేడు. గోడ పట్టుకుని నిలబడ్డాను.

ఆయన బల్లమీద కూర్చుని ఉన్నాడు, ఒంటినిండా బురద. తుడవడానికి నర్సులు దగ్గరికెళ్తే తోసేస్తున్నాడు. ఒకటే మాట, పెద్ద గొంతుతో.

"ఎక్కనంది. వద్దు మామా, నాకు భయం, ఎక్కనంది. నేనే ఎక్కించాను. చెయ్యి పట్టి లాగి నేనే ఎక్కించాను."

తలుపు తీసి ఉంది. సూరిబాబు తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

గోడవైపు తిరిగి ఉన్న పిన్నిగారు ఇటు తిరిగింది.

"ఎవరాయన?"

చెప్పాను.

కాసేపు వింది. ఆయన మళ్ళీ అదే అన్నాడు, ఎక్కనంది, నేనే ఎక్కించాను.

"సూరీ" అంది. "మంచం అక్కడిదాకా తొయ్యి."

"నర్సు ఒప్పుకోదత్తా."

"తొయ్యమంటున్నా."

మందు సీసా స్తంభం నేను పట్టుకున్నాను, అతను మంచం తోశాడు. చక్రాలు గుమ్మం దగ్గర ఇరుక్కుంటే ఎత్తి దాటించాం. కోటిలింగంగారి బల్ల పక్కకి వచ్చేదాకా ఆవిడ ఆగమనలేదు. ఆయన తలెత్తి చూశాడు, ఈ మంచమేంటి, ఈ మనుషులెవరు అన్నట్టు.

"ఇదిగో అబ్బాయా" అంది, ఆయన ఆవిడకంటే చిన్నవాడేం కాకపోయినా. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నేనూ ఎక్కనన్నాను. ఆ రోజే. వీళ్ళిద్దరూ ఎత్తి పడేశారు నన్ను."

ఆయన వింటున్నాడో లేదో తెలీలేదు.

"బతికాను కాబట్టి తిడుతున్నాను. రెండ్రోజుల్నించి వీళ్ళ మొహం చూడలేదు. మీ ఆవిడా బతికుంటే తిట్టేది. నాలుగు రోజులు నీకు అన్నం పెట్టేది కాదు."

కోటిలింగంగారు ఆవిడ వైపు తిరిగాడు.

"తర్వాత పెట్టేది" అంది పిన్నిగారు. "తర్వాత పెట్టేదయ్యా. నాకు తెలుసు. ఎక్కనన్నదాన్ని నేను చెబుతున్నాను."

ఆయన చూపు ఆవిడ కట్టు కట్టిన చేతి మీదికి, అక్కడినుంచి మా మీదికి వచ్చింది. అప్పుడొచ్చింది ఏడుపు. బల్లమీద నుంచి కిందికి జారిపోబోతే సూరిబాబు పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు. తన కండువా తీసి ఆయన మెడ మీది బురద తుడవడం మొదలుపెట్టాడు. నర్సుల్ని తోసేసిన మనిషి ఇతన్ని తోయలేదు.

వరండా అంతా చూస్తోంది. ఒక నర్సు మంచం వెనక్కి తొయ్యాలని వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

ఏడుపు కాస్త తగ్గాక పిన్నిగారు అడిగింది.

"ఏం పేరు ఆవిడది?"

"భూలోకం" అన్నాడు. "భూలోకమ్మ. నేను భూలో అని పిలుస్తాను."

"ఎలా ఉండేది? చెప్పు."

ఆయన ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక చేతులు చూసుకున్నాడు. సూరిబాబు ఆయన కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు. పిన్నిగారు మంచి చెయ్యి చాపి, నన్ను మంచం అంచున కూర్చోమన్నట్టు దుప్పటి లాగింది. కూర్చున్నాను.

"పొట్టిగా ఉంటుందండి" అన్నాడు కోటిలింగంగారు. "నా భుజం దాకా కూడా రాదు. కానీ గొంతు మాత్రం రేవవతలికి వినిపిస్తుంది."